పంపు మార్చే ముందు గేజి పెట్టించండి

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే సమస్య చుట్టూ తిరిగాయి. ట్యాంకులో ఇంధనం ఉంది, ఇంజిన్‌కి అందడం లేదు. చాలా ఉత్తరాలు ఒకే మాటతో ముగిశాయి: 'పంపు పోయిందంటున్నారు, మార్పించమంటారా?' అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే కేటాయించాం.

మాది పదేళ్ల పెట్రోల్ కారు. నిన్న రాత్రి దాకా బాగానే నడిచింది. ఈ ఉదయం సెల్ఫ్ గట్టిగానే తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవడం లేదు. మెకానిక్ వచ్చేలోపు మేమే ఏమైనా చూసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

చూసుకోవచ్చు. ఒకరిని వెనక సీట్లో కూర్చుని చెవి ఒగ్గి వినమనండి. మీరు సెల్ఫ్ కొట్టకుండా తాళం 'ఆన్' దాకా మాత్రమే తిప్పండి. ట్యాంకులోని పంపు రెండు మూడు సెకన్లు జుయ్‌మని తిరిగి ఆగాలి. స్టార్ట్ చేయడానికి ముందు పైపులో ప్రెషర్ నింపుకోవడమన్నమాట.

ఆ చప్పుడు రాలేదంటే పంపు చచ్చిపోయిందని కాదు. దానికి కరెంటు అందక కూడా కావచ్చు. ఫ్యూజుల పెట్టె మూత లోపలివైపు ఏ ఫ్యూజు దేనిదో రాసి ఉంటుంది. పంపు ఫ్యూజు తీసి వెలుతురులో చూడండి. తీగ తెగి ఉంటే అదే ఆంపియర్ ఉన్న ఫ్యూజు వేయండి. 15 ఉండాల్సిన చోట 20 వేయొద్దు. కొత్తది కూడా వెంటనే కాలిపోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది, లేదా పంపు లోపల పట్టేసింది. అక్కడితో ఆపేసి మెకానిక్ కోసం చూడండి. ఫ్యూజు బాగుంటే రిలే, అంటే పంపుకి కరెంటు కలిపే స్విచ్చి, సంగతి తేల్చాలి. చాలా కార్లలో హారన్ రిలే, పంపు రిలే ఒకే రకానివి. వాటి మీది నంబర్లు సరిపోలితే ఒకదాని చోట ఒకటి పెట్టండి. ఇప్పుడు పంపు తిరిగి, హారన్ మూగబోతే తప్పు రిలేదే.

రెండూ బాగున్నా పంపు పలకకపోతే, ఒకరు తాళం తిప్పుతుండగా ఇంకొకరు ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు వేయండి. అప్పుడు తిరిగిందంటే మోటారు లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. అలా లేచిన పంపుతో వర్క్‌షాపు దాకా వెళ్లండి గానీ ఊరి ప్రయాణం పెట్టుకోవద్దు. దెబ్బలకీ లేవకపోతే వైర్లు చూడాలి. ఆరుబయట నిలిపే కార్లలో వెనక సీటు కింది వైర్లను ఎలుకలు కొరకడం మామూలే.

తాళం తిప్పగానే జుయ్‌మని వినిపించి కూడా స్టార్ట్ కాకపోతే మీటర్ బోర్డులో తాళం బొమ్మ మిణుకుమంటోందేమో చూడండి. మిణుకుమంటుంటే కారు మీ తాళాన్ని గుర్తుపట్టడం లేదు. రెండో తాళంతో ప్రయత్నించండి. ఇంకో కారణం క్రాంక్ సెన్సర్. ఇంజిన్ తిరుగుతున్నట్టు దాని నుంచి కబురు రాకపోతే కారులోని కంప్యూటర్ మొదటి రెండు సెకన్ల తర్వాత పంపుని ఆపేస్తుంది, స్పార్కూ ఇవ్వదు. ఆ కంప్యూటర్‌లోని అంకెలు చదివే స్కానర్ పెట్టి సెల్ఫ్ కొట్టినప్పుడు ఆర్‌పీఎమ్ సున్నా దగ్గరే ఉంటే పంపు జోలికి పోనక్కర్లేదు. ఫియట్, పాత ఫోర్డ్ కార్లలో గుద్దుకున్నప్పుడు పెట్రోలు ఆపేసే స్విచ్చి కూడా ఒకటి ఉంటుంది. పెద్ద గోతిలో పడినా అది ఎగిరిపోవచ్చు. పెట్రోలు ఎక్కడా కారడం లేదని చూసుకున్నాకే దాని మీది మీట నొక్కాలి.

2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 82,000 కిలోమీటర్లు తిరిగింది. ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు. హైవే ఎక్కి 80 దాటాక తొక్కితే పికప్ రాదు, జర్కులు ఇస్తుంది. పక్కన పది నిమిషాలు ఆపి బయల్దేరితే కాసేపు మామూలుగా వెళ్తుంది. ప్లగ్గులు మార్చారు, ఇంజెక్టర్లు క్లీన్ చేశారు, ఫలితం లేదు. ఇప్పుడు పంపు మార్చాలంటున్నారు.
– ఒక పాఠకుడు, ఖమ్మం

మీరు రాసినవాటిలో 'పది నిమిషాలు ఆపితే మామూలుగా వెళ్తుంది' అన్నదే అసలు ఆధారం. దాని సంగతి చెప్పేముందు, ఊళ్లో కనపడని జబ్బు హైవే మీదే ఎందుకు బయటపడుతుందో చూడాలి. చిన్న పెట్రోల్ ఇంజిన్ ఐడ్లింగ్‌లో గంటకి ముప్పావు లీటరు కూడా తాగదు. అదే ఇంజిన్‌ని పూర్తిగా తొక్కితే గంటకి 20 లీటర్ల లెక్కన లాగుతుంది. సగం మూసుకుపోయిన దారి కూడా మొదటి అవసరాన్ని తీర్చేస్తుంది; రెండోదానికి చాలదు. కాబట్టి బండి నిలబెట్టి, ఐడ్లింగ్‌లో ఇంధనం ప్రెషర్ కొలిచే గేజి పెట్టి 'ప్రెషర్ బాగానే ఉంది' అనే పరీక్ష మీ కారు విషయంలో పనికిరాదు.

గేజి పెట్టే పద్ధతి ఇదీ. పంపు ఫ్యూజు తీసి ఇంజిన్ స్టార్ట్ చేస్తే పైపులో ఉన్నది తాగి ఆగిపోతుంది. ఇంకో రెండు సెకన్లు సెల్ఫ్ కొట్టి, బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. అప్పుడు గుడ్డ చుట్టి, ఇంజిన్ దగ్గర పైపు జాయింటు విప్పి మధ్యలో 'T' ఆకారపు జాయింటు పెట్టి గేజి బిగించాలి. ఇప్పటి కార్లలో క్లిప్పు జాయింట్లే ఎక్కువ. ఆ సైజు అడాప్టర్ లేదని నైలాన్ పైపు కోసి క్లాంపు వేయబోతే ఒప్పుకోకండి. ఆ అతుకు ఏదో ఒకరోజు వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిమ్ముతుంది. పని జరిగినంతసేపూ అగ్నిమాపక సిలిండర్ చేతికి అందేలా ఉండాలి.

మన రోడ్ల మీద తిరిగే మామూలు పెట్రోల్ కార్లలో ఎక్కువవాటికి 3 నుంచి 4 బార్, అంటే 44 నుంచి 58 పీఎస్‌ఐ ఉండాలి. మీ కారుకి సరిగ్గా ఎంతో వర్క్‌షాప్ మాన్యువల్లో ఉంటుంది. ఇక గేజి గొట్టాన్ని బానెట్ సందులోంచి తెచ్చి అద్దం మీద టేపుతో అంటించి, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని, ఖాళీ రోడ్డు మీద ఆ జర్కు వచ్చేదాకా నడపాలి. జర్కు వచ్చిన క్షణంలో ముల్లు 3 నుంచి 2కో అంతకన్నా కిందికో జారితే ఇంధనం అందడం లేదని రుజువైనట్టే. ముల్లు కదలకుండా ఇంజిన్ మాత్రమే నీరసిస్తే పెట్రోలు దారిలో తప్పు లేదు. ఇగ్నిషన్ కాయిల్, మూసుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే భాగం) వైపు తిరగాలి. కన్వర్టర్ మూసుకుపోయినా హైవే మీద పికప్ ఇలాగే చస్తుంది. ఈ ఒక్క పరీక్షతో తేలే విషయానికి పంపు కొని చూడటం డబ్బు దండగ.

గేజి లేకపోతే స్కానర్ కొంతవరకు చెబుతుంది. సెన్సర్ల లెక్కకి మించి కంప్యూటర్ ఎంత పెట్రోలు పెంచుతోందో, తగ్గిస్తోందో తెలిపే అంకె ఫ్యూయల్ ట్రిమ్. అటూ ఇటూ 10 శాతం లోపు ఉంటే కంగారు లేదు. ఐడ్లింగ్‌లో 2, 3 ఉండి, నాలుగో గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు 18, 20కి పోతే సరఫరా చాలడం లేదు. దాదాపు 25 దాటాక చెక్ లైటు వెలిగి, గాలికి తగ్గ పెట్రోలు లేదని చెప్పే పి0171 కోడ్ పడుతుంది. దీనికి ఉల్టాగా ఐడ్లింగ్‌లో ఎక్కువ ఉండి, 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర తగ్గిపోతే అది గాలి లీకు. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మన చిన్న కార్లలో చాలావాటికి గాలి కొలిచే మాఫ్ సెన్సర్ ఉండదు, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో ప్రెషర్ కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. వాటిలో లీకయ్యే గాలి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది కాబట్టి ట్రిమ్ అంతగా పెరగదు, ఐడ్లింగ్ వేగం పెరుగుతుంది. పూర్తిగా తొక్కినప్పుడైతే కంప్యూటర్ ట్రిమ్ సరిదిద్దడం మానేస్తుంది. అప్పుడు కన్వర్టర్‌కి ముందున్న ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ చూడాలి. అది 0.8, 0.9 దగ్గర నిలబడాలి. పూర్తిగా తొక్కి ఉండగా 0.1, 0.2కి పడిపోతే ఇంజిన్ ఆకలితో ఉంది.

ప్రెషర్ పడిపోతోందని తేలింది అనుకుందాం. అప్పుడైనా పంపుదే తప్పని కాదు. వెనక సీటు కింద పంపు కనెక్టర్ దగ్గర, పంపు తిరుగుతుండగా మల్టీమీటర్ పెట్టించండి. బ్యాటరీ దగ్గరి వోల్టేజీకీ ఇక్కడి దానికీ తేడా అర వోల్టు మించకూడదు. ఎర్త్ వైపు 0.2 దాటకూడదు. బ్యాటరీ దగ్గర 13.8 ఉండి పంపు దగ్గర 11 ఉంటే, కొత్త పంపు వేసినా నీరసంగానే తిరుగుతుంది. తుప్పు పట్టిన ఎర్త్ నట్టు గీకి బిగిస్తే అయిపోయే పని అది.

కరెంటు సరిగా ఉంటే, ఇంజిన్ వైపు పైపు విప్పి పెట్రోలు డబ్బాలోకి పట్టి, 30 సెకన్లలో ఎంత వచ్చిందో కొలవాలి. అర లీటరుకి తగ్గితే దారి మూసుకుపోయింది, లేదా పంపు అరిగింది. ఇక్కడే మీ 'పది నిమిషాల' ఆధారం పనికొస్తుంది. పంపు మూతికి సన్నని జాలీ సంచి ఉంటుంది. ట్యాంకు అడుగున చేరిన తుప్పు, మట్టి, ధార జోరుగా ఉన్నప్పుడు ఆ జాలీకి అతుక్కుంటాయి. కారు ఆపితే రాలి కింద పడతాయి. కాసేపు బాగా వెళ్తుంది, మళ్లీ అతుక్కుంటాయి. ఇంత కచ్చితంగా ప్రవర్తించేది జాలీయే. పంపు విప్పి జాలీ చూసి, ట్యాంకు కడిగించి, జాలీ కొత్తది వేయించండి. ట్యాంకు కడగకుండా కొత్త పంపు బిగిస్తే నెల తిరక్కుండా ఇదే ఉత్తరం మళ్లీ రాయాల్సి వస్తుంది. వేడెక్కి నీరసించే పంపు కూడా చల్లారాక కోలుకుంటుంది కాబట్టి, జాలీ శుభ్రంగా కనిపిస్తేనే పంపు మార్చండి.

ఒక హెచ్చరిక. ఈ కొలతలు మామూలు ఎంపీఎఫ్‌ఐ కార్లకే, అంటే పెట్రోలుని సిలిండర్ బయట గాలి దారిలో చిమ్మేవాటికే. నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే టర్బో పెట్రోల్ ఇంజిన్లలో రెయిల్ (ఇంజెక్టర్లకి ఇంధనం పంచే గొట్టం) ప్రెషర్ వందల బార్లలో ఉంటుంది. అక్కడ గేజి కాదు, స్కానరే పెట్టాలి.

పొద్దున మొదటిసారి ఏడెనిమిది సెకన్లు సెల్ఫ్ కొడితే గానీ లేవదు. ఆ తర్వాత రోజంతా ఒక్క దెబ్బకి స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ కొత్తది.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

రేపు పొద్దున ఇలా చేసి చూడండి. తాళం ఆన్ చేసి మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి. అలా మూడుసార్లు చేసి నాలుగోసారి సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే రాత్రి పైపులోని ప్రెషర్ కారిపోతోందని అర్థం. మీరు మూడుసార్లు తాళం తిప్పి దాన్ని మళ్లీ నింపారు. అందుకోకపోతే ఇది ఇంధనం గొడవ కాకపోవచ్చు. చల్లని ఇంజిన్‌ని వేడిగా ఉందని చెప్పే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ వల్ల కూడా ఇలా జరుగుతుంది. స్కానర్‌లో పొద్దున్నే ఆ అంకె బయటి వాతావరణంతో సరిపోలుతోందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

ప్రెషర్ ఎటు కారుతోందో తేల్చడానికి మధ్యలో వాల్వు ఉన్న గేజి కావాలి. ఇంజిన్ ఆపగానే ట్యాంకు వైపు వాల్వు మూసేస్తారు. ముల్లు నిలబడితే కారేది వెనక్కి: పంపులోని నాన్‌రిటర్న్ వాల్వు, లేదా రెగ్యులేటర్. మూసినా ముల్లు దిగిపోతే ఏదో ఒక ఇంజెక్టర్ బొట్లు బొట్లుగా సిలిండర్‌లోకి కారుస్తోంది. అలాంటప్పుడు పొద్దున స్టార్ట్ అయిన వెంటనే నల్ల పొగ, పచ్చి పెట్రోలు వాసన ఉంటాయి. ఒక ప్లగ్గు మిగతావాటికన్నా నల్లగా, తడిగా ఉంటుంది. వెనక్కి కారడం వల్ల ఇంజిన్‌కి నష్టం లేదు. తాళం రెండుసార్లు తిప్పే అలవాటుతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. ఇంజెక్టర్ కారడం అలా కాదు. సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని పెట్రోలు కడిగేస్తుంది, ఇంజిన్ ఆయిల్ పలచబడుతుంది. దాన్ని వాయిదా వేయకండి.

టాక్సీ నడుపుతున్నాను. బయట సీఎన్‌జీ కిట్ బిగించాను. ఏడాదిలో రెండుసార్లు పెట్రోల్ పంపు కాలిపోయింది. బండి పెట్రోలు మీద నడిచేదే తక్కువ. మరి పంపు ఎందుకు కాలుతోందండీ?
– ఒక పాఠకుడు, విజయవాడ

పెట్రోలు మీద తక్కువ నడపడమే కారణం. ట్యాంకులో ఉండే పంపుని చల్లబరిచేదీ, దాని లోపలి భాగాలకి జారుడునిచ్చేదీ పెట్రోలే. సీఎన్‌జీ మీద నడుస్తున్నప్పుడు కిట్ ఇంజెక్టర్లని మాత్రం ఆపుతుంది. చాలా కిట్లలో పంపు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ట్యాంకులో రెండు మూడు లీటర్లు పోసి వదిలేస్తే, ఆ కాస్త పెట్రోలే రోజుకి పది పన్నెండు గంటలు పంపులోంచి తిరిగి తిరిగి వేడెక్కుతుంది. మలుపుల్లో అది ఒక మూలకి పోయినప్పుడల్లా పంపు గాలి లాగుతుంది. ఇక ఎన్నాళ్లు బతుకుతుంది?

ముల్లు ఎప్పుడూ పావు ట్యాంకు పైనే ఉంచండి. సీఎన్‌జీకి మారాక పంపుని ఆపే రిలే పెట్టమని కిట్ వేసినవారిని అడగండి. సీఎన్‌జీ అయిపోయి పెట్రోలుకి మారేటప్పుడు పంపు ముందుగా లేచేలా సెట్టింగ్ కూడా సరిచేయించండి, లేదంటే మారిన క్షణంలో బండి ఆగిపోతుంది. వారంలో ఒకరోజు పది కిలోమీటర్లు పెట్రోలు మీద నడపండి. నెలల తరబడి నిలవున్న పెట్రోలు జిగురు పట్టి ఇంజెక్టర్ల మూతులు మూస్తుంది.

రెండు పంపులు పోయాయంటున్నారు కాబట్టి కనెక్టర్ పిన్నులు కూడా చూపించండి. ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి కరిగినట్టుంటే కనెక్టర్ కూడా మార్చాలి. కాలిన పిన్నుకి కొత్త పంపు తగిలిస్తే మూడోది కూడా పోతుంది.

డీజిల్ కారుకి ఫిల్టర్ మార్చాక స్టార్ట్ కాలేదు. ఎయిర్ పట్టిందన్నారు. నోజిల్ పైపుల నట్లు వదులు చేసి సెల్ఫ్ కొడుతూ ఎయిర్ తీయబోయారు. మా నాన్నగారి ట్రాక్టర్‌కి అలాగే తీసేవారు. కారుకీ అదేనా?
– ఒక పాఠకుడు, కర్నూలు

కాదు. ఆ పని చేయనివ్వకండి. పాత పంపుల బళ్లకి నడిచిన పద్ధతి సీఆర్‌డీఐ ఇంజిన్లకి, అంటే నోజిళ్లన్నిటికీ ఒకే రెయిల్ నుంచి డీజిల్ అందే ఇప్పటి ఇంజిన్లకి, ప్రాణాంతకం. వీటిలో ఇంజిన్ నడుస్తుండగా రెయిల్ ప్రెషర్ 1,600 బార్ దాకా, కొన్నిట్లో అంతకు పైన పోతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడే రెండొందల బార్ లేస్తుంది. ఆ ధార కంటికి కనపడనంత సన్నగా ఉండి చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గాయంలా కనిపించినా లోపల కణజాలం చచ్చిపోతుంది. అలా తగిలితే నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే ఆపరేషన్ వసతి ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి.

ఎయిర్ తీయాల్సింది ట్యాంకు నుంచి హైప్రెషర్ పంపు దాకా ఉన్న తక్కువ ప్రెషర్ దారిలోనే. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు ఉంటే తాళం ఆన్ చేసి అది ఆగేదాకా ఉంచి ఆఫ్ చేయడం, ఇలా ఎనిమిది పదిసార్లు. ఫిల్టర్ దగ్గర చేత్తో నొక్కే రబ్బరు బుడ్డి గానీ మీట గానీ ఉంటే అది గట్టిపడేదాకా నొక్కడం. తర్వాత సెల్ఫ్ ఒక్కోసారి 10 సెకన్లకి మించకుండా కొట్టి, మధ్యలో నిమిషం ఆగండి. ఆగకుండా కొడితే స్టార్టర్ మోటారు కాలుతుంది, ఎండిపోయిన హైప్రెషర్ పంపు కూడా గీతలు పడుతుంది. కొత్త ఫిల్టర్‌ని డబ్బాలోని డీజిల్‌తో నింపి బిగించడం చాలాచోట్ల చూస్తాం. ఆ డీజిల్ వడకట్టిన వైపు పడితే అందులోని నలుసులు నేరుగా నోజిళ్లకి చేరతాయి. నింపకుండా బిగించి, పైన చెప్పినట్టు పంపుతోనో బుడ్డితోనో డీజిల్ ఎక్కించడమే (ప్రైమింగ్) మంచిది.

అప్పటికీ స్టార్ట్ కాకపోతే ఫిల్టర్ నుంచి పంపుకి వెళ్లే పైపు బదులు అర అడుగు పారదర్శకమైన డీజిల్ గొట్టం తాత్కాలికంగా పెట్టి చూడమనండి. సెల్ఫ్ కొట్టినప్పుడు అందులో బుడగలు పోతూనే ఉంటే గాలి లోపలికి లాగుతోంది. ఫిల్టర్ రబ్బరు రింగు మెలిపడటం, పాత రింగు తీయకుండా దాని మీదే కొత్తది వేయడం, క్లిప్పు జాయింటు పూర్తిగా దిగకపోవడం, ఈ మూడే సాధారణంగా కనిపించేవి. డీజిల్ బయటికి కారాలనేం లేదు. ట్యాంకులో పంపు లేని కార్లలో ఆ పైపు లాగే వైపు ఉంటుంది కాబట్టి గాలి లోపలికే పోతుంది.

బుడగలు లేకుండా డీజిల్ నిండుగా వస్తుంటే స్కానర్‌లో రెయిల్ ప్రెషర్ చూస్తూ సెల్ఫ్ కొట్టాలి. ఇంజిన్‌ని బట్టి 150 నుంచి 250 బార్ చేరితేగానీ కంప్యూటర్ నోజిళ్లు తెరవదు. అంత చేరకపోతే లీక్‌ఆఫ్ పరీక్ష. నోజిళ్ల మీది సన్నని రిటర్న్ పైపులు తీసి ఒక్కోదానికి ఒక్కో గాజు సీసా పెట్టి సెల్ఫ్ కొడతారు. మూడు సీసాల్లో అడుగంటి, నాలుగోదాంట్లో సగం నిండితే ఆ నోజిల్ అరిగి ప్రెషర్‌ని వెనక్కి వదిలేస్తోంది. నాలుగూ సమానంగా, తక్కువగా ఉంటే హైప్రెషర్ పంపు, దాని మీటరింగ్ వాల్వు, రెయిల్ మీది వాల్వు చూడాలి. నడుస్తుండగా తొక్కినప్పుడు, రెయిల్ ప్రెషర్ తక్కువని చెప్పే పి0087 కోడ్ పడి బండి నీరసిస్తుంటే కూడా ఇదే క్రమం. అయితే అక్కడ మొదట అనుమానించాల్సింది మూసుకుపోయిన డీజిల్ ఫిల్టర్‌ని. ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే మర ఉంటే వానాకాలంలో నెలకోసారి తిప్పి చూడండి.

1988 నాటి కార్బ్యురేటర్ కారుని ఇష్టంగా ఉంచుకున్నాను. ఎండాకాలంలో ఇరవై కిలోమీటర్లు వెళ్లగానే ఆగిపోతుంది. అరగంట తర్వాత మళ్లీ లేస్తుంది. పెట్రోలు ఆవిరవుతోందని ఒకరు, కాయిల్ అని ఒకరు అంటున్నారు.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

ఇద్దరూ చెప్పింది జరిగేదే. తేల్చుకోవడానికి ఒక నిమిషం చాలు. బండి ఆగిన వెంటనే, ఆలస్యం చేయకుండా, ఎయిర్ క్లీనర్ మూత తీసి కార్బ్యురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లింకుని చేత్తో లాగండి. సన్నని గొట్టంలోంచి పెట్రోలు పిచికారీలా చిమ్మితే గిన్నెలో పెట్రోలు ఉంది. తప్పు స్పార్కులో, ముఖ్యంగా వేడెక్కిన కాయిల్‌లో. ఏమీ చిమ్మకపోతే పెట్రోలు రావడం లేదు. ఆ సమయంలో స్పార్కు పరీక్ష మాత్రం కార్బ్యురేటర్ దగ్గర చేయకండి.

పెట్రోలు రాకపోతే ముందుగా ట్యాంకు మూత తిప్పండి. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయింది. లోపల ఏర్పడిన వాక్యూమ్‌ని దాటి పంపు లాగలేకపోతోంది. రంధ్రం సూదితో తెరిస్తే సరి. ఆ చప్పుడు లేకపోతే ఆవిరే. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. ఇంజిన్‌కి ఆనుకుని ఉండే మీ డయాఫ్రమ్ పంపు లాగే వైపు ప్రెషర్ తక్కువ కాబట్టి ఇంకా త్వరగా బుడగలు కడుతుంది. పంపు ద్రవాన్ని తోస్తుంది గానీ బుడగని నొక్కుతూ కూర్చుంటుంది. అంబాసిడర్, పద్మిని రోజుల్లో డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసేది ఇందుకే. శాశ్వతంగా పోవాలంటే పైపుని సైలెన్సర్ మానిఫోల్డ్‌కి దూరంగా మళ్లించాలి. పంపుకీ ఇంజిన్‌కీ మధ్య ఉండాల్సిన మందపాటి బేకలైట్ దిమ్మె ఉందో లేదో చూడండి. ఎప్పుడో విప్పినప్పుడు పోగొట్టి ఉత్త ప్యాకింగ్‌తో బిగించిన బళ్లు చాలా ఉన్నాయి.

పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ కూడా మార్చండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇ20 (ఇథనాల్ కలిపిన పెట్రోలు)లోని ఇథనాల్ పాత రబ్బరుని ఉబ్బించి పొరలు లేపుతుంది. ఇథనాల్‌ని తట్టుకుంటుందని రాసి ఉన్న పైపునే అడిగి తీసుకోండి.

వానరోజు పెట్రోలు కొట్టించి రెండు కిలోమీటర్లు వెళ్లగానే బండి మిస్సింగ్ మొదలైంది. సీసాలోకి తీసి కాస్త నీళ్లు కలిపి ఊపితే అడుగున చాలా నీళ్లు చేరాయి. బంకులో నీళ్లు కలిపారనడానికి ఇది చాలదా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

చాలదు. ఇ20లో నూటికి 20 పాళ్లు ఇథనాల్. నీళ్లు పోసి ఊపగానే అది పెట్రోలుని వదిలి నీళ్లలోకి దిగిపోతుంది. 100 మి.లీ. మంచి ఇ20లో 10 మి.లీ. నీళ్లు పోస్తే అడుగు పొర దాదాపు 30 మి.లీ. దాకా కనిపిస్తుంది. అందులో మీరు పోసిన నీళ్లు తప్ప బంకువి ఒక్క చుక్క ఉండకపోవచ్చు.

ఏమీ కలపకుండా చూడాలి. ట్యాంకు అడుగు నుంచి అర లీటరు తెల్ల గాజు సీసాలోకి తీసి పావుగంట కదపకుండా పెట్టండి. రెండు పొరలుగా విడిపోయి గీత కనిపిస్తేనే నీళ్లున్నట్టు. ఇథనాల్ కొంత తేమని కలిపేసుకుంటుంది. మోతాదు మించాక ఒక్కసారిగా నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకి దిగుతాయి. పంపు లాగేది అడుగు నుంచే కాబట్టి ఇంజిన్‌కి ముందు అదే వెళ్తుంది. అప్పుడు ట్యాంకు పూర్తిగా దించి కడగాలి. పైన కొత్త పెట్రోలు పోసి సర్దుకోవడం కుదరదు.

బంకులో మీరు అడగదగ్గ పరీక్షలున్నాయి. ఫిల్టర్ పేపరు మీద నోజిల్ నుంచి ఒక చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. డెన్సిటీ చూపించమనవచ్చు. పెట్రోలుకి 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకి 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలి. ఆ రోజు బోర్డు మీద రాసిన అంకెతో తేడా 3 మించకూడదు. కొలత మీద అనుమానముంటే ప్రభుత్వ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్రతో పోయించండి. రసీదు దాచుకోండి.

ఒక మాట స్కానర్ చూసేవారికి: పాత పెట్రోలుకి అలవాటుపడ్డ కారులో ఇ20 పోశాక ట్రిమ్ నాలుగు నుంచి ఎనిమిది శాతం దాకా పెరగడం సహజం. పెట్రోలు గ్రాముకి 14.7 గ్రాముల గాలి కావాలి, ఇ20కి 13.5 చాలు. అదే గాలికి ఇంధనం ఎక్కువ పడుతుంది. దాన్ని చూసి పంపు బలహీనపడిందనుకోవద్దు.

పెట్రోల్ కారులో పొరపాటున పది లీటర్లు డీజిల్ పోశారు. ఇంకా స్టార్ట్ చేయలేదు, బంకులోనే ఉన్నాను.
– ఒక పాఠకురాలు, వరంగల్ (ఫోన్‌లో)

తాళం 'ఆన్' కూడా చేయకండి, ఆన్ చేసిన క్షణమే పంపు డీజిల్‌ని పైపులోకి తోస్తుంది. న్యూట్రల్‌లో పెట్టి తోయించి పక్కకి తీయించండి. ట్యాంకు ఖాళీ చేయించి, ఐదు లీటర్ల పెట్రోలు పోసి నడపవచ్చు, వేరే ఏదీ మార్చనక్కర్లేదు. స్టార్ట్ చేసి ఉంటే పైపు, ఇంజెక్టర్లు, ప్లగ్గులు కడగాలి, అయినా ఇంజిన్‌కి శాశ్వత నష్టం అరుదు. డీజిల్ కారులో పెట్రోలు పడితే మాత్రం తీవ్రంగా తీసుకోవాలి. హైప్రెషర్ పంపుకి జారుడునిచ్చేది డీజిలే. పెట్రోలు ఆ జారుడుని తీసేస్తే లోహం లోహాన్ని రాసి ఇనుప రజను నోజిళ్ల దాకా పోతుంది.

2019 మోడల్ పెట్రోల్ కారు. ఆ ఏడాది కార్లకి పంపు ఉచితంగా మార్చారని విన్నాను. నిజమేనా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

కొన్ని మోడళ్లకి నిజమే. 2020 జులైలో మారుతి సుజుకి 1,34,885 వాగన్‌ఆర్, బలెనో కార్లని ఫ్యూయల్ పంపు తనిఖీకి వెనక్కి పిలిచింది. అందులో వాగన్‌ఆర్ 2018 నవంబర్ 15 నుంచి 2019 అక్టోబర్ 15 మధ్య, బలెనో 2019 జనవరి 8 నుంచి నవంబర్ 4 మధ్య తయారైనవి. అదే ఏడాది జూన్‌లో హోండా 2018లో తయారైన 65,651 కార్లకి పంపు మార్పు ప్రకటించింది. ఆ తర్వాత కూడా మరికొన్ని ప్రకటనలు వచ్చాయి. ఆర్‌సీ మీద ఉన్న చాసిస్ నంబరుని కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే మీ కారు జాబితాలో ఉందో లేదో వస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవారు తప్పకుండా చూసుకోండి. ఆ కబురు పాత యజమానికి వెళ్లి ఉంటుంది. జాబితాలో ఉంటే కారు చేతులు మారినా, వారంటీ అయిపోయినా ఆ పనికి డబ్బు తీసుకోరు.